వెంట్రుకవాసి మేస్త్రీ రంపం బల్ల

బావ చెప్పు ఒకటి వీధి మలుపులో పడి ఉండటం మొదట చూసింది నేనే. ఎడమ కాలిది. ఆయన చెప్పులు ఎక్కడున్నా గుర్తుపడతాను. తెగిన పట్టీకి చిన్న మేకు కొట్టి, ఆ మేకు తలను కూడా నున్నగా అరగదీసుకునే మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. చెప్పు చేత్తో పట్టుకుని ఇంటికెళితే, ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కుడి కాలికి చెప్పుంది. ఎడమ కాలు బోసిగా, మట్టి కొట్టుకుని ఉంది.

"ఏం బావా, ఒంటి చెప్పుతో ఊరేగుతున్నావు?" అన్నాను.

ఆయన వంగి కాళ్ళవైపు చూసుకున్నాడు. ఒక్క క్షణం ఆ కాలు ఇంకెవరిదో అన్నట్టు చూశాడు. తర్వాత నవ్వేశాడు.

"మీ అక్కని కట్టుకున్నాక మతి పోయిందిరా."

"ఉంటేగా పోడానికి" అంది లోపల్నుంచి అక్క.

ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను వెనక్కి తిరిగి దారివైపు చూశాను. మలుపు నుంచి మెట్టు దాకా అంతా కంకర తేలిన బాట. నేను చెప్పులతో నడిస్తేనే అరికాళ్ళకు గుచ్చుకుంటుంది. నా టీ చల్లారిపోతోందని అక్క కేకేస్తే లోపలికి వెళ్ళాను.

మా బావని అందరూ వెంట్రుకవాసి మేస్త్రీ అంటారు. తలుపు బిగించినా, బీరువా అమర్చినా, చివర్లో ఒక అడుగు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, "వెంట్రుకవాసి తేడా ఉంది" అనడం ఆయనకు ఊతపదం. కొలుద్దామంటే ఆయన నెత్తిమీద ఒక్క వెంట్రుకా మిగల్లేదని నేను వందసార్లు ఎగతాళి చేశాను, ఆయన వందసార్లూ నవ్వాడు. నేను కరెంటు పనివాణ్ణి. దీపం వెలిగిందా లేదా, అంతే నాకు కావలసింది. తీగ గోడలో తిన్నగా పోయిందా వంకరగా పోయిందా అన్నది నాకు పట్టదు. నేను బిగించిన స్విచ్చుపెట్టె ఒక పక్కకి ఒరిగిందని ఇంటికొచ్చిన నలుగురి ముందూ చెప్పిన ఘనుడు ఆయన. ఆ రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం నాకెప్పుడూ ముక్కుమీదే ఉంటుందని అక్క అంటుంది. ఉంటే ఉండనీ. కోడిగుడ్డుకి ఈకలు పీకేవాడు ఇంట్లో ఉన్నప్పుడు ఒక కోపిష్టివాడు కూడా ఉండాలి.

పని ఆయన పెదనాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ పెద్దాయన శిష్యుడి కళ్ళకు గుడ్డ కట్టి, రెండు చెక్కలు పక్కపక్కన పెట్టి, అతుకు మీద వేలు పోనిచ్చి ఏది ఎత్తో చెప్పమనేవాడట. తప్పు చెబితే మళ్ళీ చిత్రిక పట్టాల్సిందే. "కన్ను వెలుతుర్ని బట్టి అబద్ధమాడుతుంది, వేలు ఆడదు" అనేవాడట. బావ బతుకంతా ఆ ఒక్క మాట మీద నడిచింది. కొలబద్దలన్నీ వాడతాడు, కానీ ఆఖరి తీర్పు మాత్రం కుడిచేతి చూపుడువేలిది. అతుకు మీద ఆ వేలు నెమ్మదిగా పోనిచ్చి, "వెన్న" అన్నాడంటే పని అయిపోయినట్టు. కాగితం మందం తేడా ఉన్నా ఆ వేలు ఆగిపోయేది. నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇన్నేళ్ళూ ఎవరెవరి షాపుల్లోనో నిలబడి పనిచేసిన మనిషి, ఈమధ్యనే ఇంటి వెనక ఖాళీలో సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. రెండు వీధుల అవతల కడుతున్న మేడకు తలుపులూ కిటికీలూ అన్నీ ఆయనే చెయ్యాలని ఒప్పుకున్నాడు. దానికోసమే మిషన్ రంపం వచ్చింది. గుండ్రటి పళ్ళ చక్రం పైనుంచి చేత్తో కిందికి దించితే చెక్కని తిన్నగాగానీ, ఏటవాలుగాగానీ తెంపేస్తుంది. దాన్ని నేలమీద పెట్టి కోస్తే ఆయనకు నచ్చదు. గోడ పొడవునా ఒక బల్ల కట్టి, మధ్యలో పల్లం వదిలి, రంపాన్ని ఆ పల్లంలో కూర్చోబెట్టాలి. రంపం పీఠమూ, దానికి అటూ ఇటూ ఉన్న బల్ల పైభాగమూ ఒకే మట్టంలో ఉండాలి. అప్పుడే పొడవాటి చెక్క నిండుగా ఆనుకుంటుంది. ఒక పక్క దిగినా, ఒక పక్క లేచినా, కోత మధ్యలో చెక్క చక్రాన్ని పట్టేసి ఎగిరి తంతుంది. చెక్క పట్టుకున్న చెయ్యి అప్పుడు ఎటు పోతుందో చెప్పలేం.

షెడ్డుకి వైరింగు నేనే చేస్తున్నాను. నిచ్చెన మీద నేను, నేలమీద మోకాళ్ళ మీద ఆయన. షెడ్డు నేల గుంతలూ గట్లూ. ఆయన బల్లకాళ్ళ కింద బోల్టులు పెట్టి తిప్పుతూ, పైన రసమట్టం పెట్టి, గాజుగొట్టంలో బుడగ మధ్యకి వచ్చిందాకా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. రంపం పీఠం కింద పాత పేకముక్కలు ఒక్కొక్కటే దోపుతున్నాడు. రాణీ ఒకటి పెట్టి, మళ్ళీ తీసి, జాకీ పెట్టాడు. "ఏం బావా, రాణీ బరువెక్కువా?" అంటే, "మీ అక్క వింటుంది, నోర్ముయ్" అన్నాడు. చివరికి లేచి, చూపుడువేలు రంపం పీఠం మీంచి కుడిపక్క బల్ల మీదికి పోనిచ్చాడు.

"వెన్న" అన్నాడు.

నేను నిచ్చెన దిగి, ఊరికే, ఆయన్ని ఉడికిద్దామని నా వేలు కూడా పోనిచ్చాను. నా వేలు ఆగింది. మళ్ళీ పోనిచ్చాను. చిన్న మెట్టు. గోరు కచ్చితంగా తగులుతోంది.

"బావా, ఇక్కడ మెట్టుంది."

"నీ వేళ్ళు తీగలు పట్టుకుని మొద్దుబారిపోయాయిరా. నువ్వు నాకు చెప్పేవాడివా?"

"నా వేళ్ళు మొద్దయితే అసలు తెలీకూడదు కదా. తెలుస్తోందే!"

మాటా మాటా పెరిగింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు ఆయనకి, నాకూ అంతే. గొడవ విని అక్క తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "మీ ఇద్దరికీ పంచాయతీ నేనా" అంటూ వేలు పోనిచ్చింది. ఒక్కసారే. ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళలో మాత్రం తగ్గిపోయింది.

"ఉంది కదండీ మెట్టు" అంది నెమ్మదిగా.

బావ మళ్ళీ వేలు పెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, గట్టిగా నొక్కి ఇంకోసారి. తర్వాత ఆ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "వెలుతురు లేదు, రేపు చూద్దాం" అన్నాడు. షెడ్డు రెండు పక్కలా తలుపులు బార్లా తీసి ఉన్నాయి, ఎండ బల్లమీదే పడుతోంది. వేలితో చూసేవాడికి వెలుతురుతో పనేమిటని నేను అడగబోతే, అక్క నా మోచెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కుపోయింది.

అక్కడ చెప్పింది. పోయిన నెల పొయ్యిమీంచి కాగుతున్న గిన్నె ఒట్టి చేతుల్తో దించి, ఇంత దూరం నడిచి తెచ్చి ఆమె ముందు పెట్టాడట. కాలుతుందండీ అని ఆమె అరిస్తే, అప్పుడు చేతులు విదిలించుకున్నాడట, నాటకంలో తన వంతు దాటిపోయాక మాట అందుకున్నవాడిలా. మర్నాటికి వేళ్ళన్నీ బొబ్బలు. అంతకుముందు బొటనవేల్లో పెద్ద చెక్కపేడు దిగి చీము పట్టేదాకా చూసుకోలేదట. ఆయనకు షుగర్ ఉందని మాకందరికీ తెలుసు. బిళ్ళలు మింగుతాడు, తీపి మానెయ్యడు. డాక్టరు చేతులు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగితే, "అబ్బే" అన్నాడట, ఆమె పక్కనే ఉండగా.

"నువ్వడుగు తమ్ముడూ. నేనడిగితే కసురుకుంటున్నారు. ఆ రంపం చూస్తే నాకు భయమేస్తోందిరా. ఆయన చేతులు దాని కింద పెడతారు, ఆ చేతులకి ఏమీ తెలీదు."

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. అదే కోపంతో షెడ్డులోకి వెళ్ళాను. బావ రంపం ముందు స్టూలు మీద కూర్చుని, రెండు చేతుల వేళ్ళనీ ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు, చలి కాచుకున్నట్టు.

"కళ్ళు మూసుకో బావా."

"ఏంట్రా నీ గోల?"

"మీ పెదనాన్న పెట్టిన పరీక్షే. బల్ల మీద పేకముక్క పెడతాను, ఎక్కడుందో చెప్పు. చెప్పావంటే ఇంకెప్పుడూ నీ పనిలో తలదూర్చను."

ఆయన నావైపు చూశాడు. అప్పుడే తప్పుకోవచ్చు, ఒక బూతు తిట్టి నన్ను బయటికి తోలెయ్యొచ్చు. పంతం మనిషి కదా, కళ్ళు మూసుకున్నాడు. నేను ముక్క పెట్టాను. వేలు ఈ చివర్నుంచి బయల్దేరింది. ముక్క దగ్గరికి వచ్చింది, దాని అంచుని తాకింది, ముక్కని తోసుకుంటూ ముందుకి వెళ్ళింది. ముక్క బల్ల చివరిదాకా జారి కింద పడిపోయింది. వేలు ఉత్త చెక్కమీద ఇంకా పోతూనే ఉంది.

"ఏదీ, పెట్టవేం?" అన్నాడు కళ్ళు మూసుకునే.

ఆయన కళ్ళు తెరిచాడు. నా ముఖం చూశాడు, తర్వాత కింద పడి ఉన్న ముక్కని చూశాడు. వంగి దాన్ని తియ్యబోతే నేలకంటుకున్న ఆ పల్చటి ముక్క వేళ్ళకి అందలేదు. నేనే తీశాను.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"చలికాలం నుంచి. మొదట వేళ్ళ చివర్లు చీమలు పాకినట్టుండేవి. తర్వాత చీమలు కూడా పోయాయి. ఎక్కడా అనకురా. వేళ్ళు చచ్చిన వడ్రంగికి ఎవడిస్తాడు పని? నువ్విస్తావా?"

"ఇవ్వను" అన్నాను. కోపంతో అన్నాను, కానీ నిజమే అన్నాను.

ఆయన నవ్వాడు. ఇన్నాళ్ళూ వెంట్రుకవాసి వెంట్రుకవాసి అని మమ్మల్ని వేపుకు తిన్న మనిషి, ఈ చలికాలం నుంచీ ఊహించి చెబుతున్నాడన్నమాట. చేసిన పని మంచిగానే వచ్చింది కూడా. కళ్ళూ, అలవాటూ మోసుకొచ్చాయి. ఎంతకాలం మోస్తాయో ఆయనకీ తెలియదు.

అక్క గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికి రాలేదు. నాతోనే అంది, "తమ్ముడూ, ఆ రంపానికి కరెంటు ఇవ్వకు."

అప్పటికి లైను కలపలేదు. మీటరు దగ్గర్నుంచి తీగ తెచ్చి షెడ్డు బయట చుట్ట చుట్టి వదిలాను. అది కలపాలంటే నా చేత్తోనే కలపాలి. బావ ఎవరివైపూ చూడకుండా అన్నాడు, "ఒప్పుకున్న పనిరా. తలుపులు లేకుండా వాళ్ళు ఇంట్లోకి ఎలా వస్తారు? ఇదొక్కటీ చేసుకోనివ్వండి."

ఆ మధ్యాహ్నమంతా ఇదే బేరం. అక్క ఏడ్చింది, తిట్టింది, మళ్ళీ ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మట్టం చూడటానికి వేలు వాడకూడదు. ఉక్కు బద్ద వాడాలి, రసమట్టం వాడాలి, పక్కన నేనుండాలి. వచ్చే వారం డాక్టరు దగ్గరికి అక్క కూడా వెళ్ళి, ఉన్నదున్నట్టు తనే చెబుతుంది. బావ అన్నిటికీ తలూపాడు. పోట్లాడకుండా అంత తేలిగ్గా తలూపడం నాకు నచ్చలేదు. ఆయన పోట్లాడితేనే నాకు ధైర్యం.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. పీఠం నుంచి బల్లమీదికి ఉక్కు బద్ద అడ్డంగా పెట్టి, దాని వెనక నేను టార్చి పట్టుకున్నాను. బద్ద కింద ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వెలుతురు గీతలా కనిపిస్తుంది. కుడిపక్క సన్నటి గీత ఉంది. బావ బోల్టు పావువంతు తిప్పాడు. గీత సగమైంది. ఇంకొంచెం తిప్పితే పోయింది. ఎడమపక్క చూస్తే అక్కడ గీత లేచింది. అది సర్దితే రసమట్టంలో బుడగ పక్కకి పోయింది. మళ్ళీ మొదటికొచ్చాం. పేకముక్కలు చాలక పాత క్యాలెండరు అట్ట కత్తిరించాం. మధ్యలో నేను రెండుసార్లు బద్ద విసిరికొట్టబోయాను. "ఓపిక పట్టరా. మెరుపు పట్టుకునేవాడివి, బుడగ పట్టుకోలేవా?" అన్నాడు. చెమట ముఖంమీద కారుతోంది, కళ్ళు మెరుస్తున్నాయి. పాత బావే. తిరిగొచ్చినట్టే అనిపించింది.

ఆ పూట ఆయన ఒక్కసారి కూడా వేలు పెట్టలేదు. ఒకసారి చెయ్యి అలవాటుగా చాచాడు, అక్క దగ్గింది, వెనక్కి తీసుకున్నాడు. చివరికి బద్ద ఎటు పెట్టినా, ఏ మూల పెట్టినా, దాని కింద చీకటే. బుడగ గీతల మధ్య కదలకుండా నిలబడింది. అక్క వేలు పోనిచ్చింది, నేను పోనిచ్చాను. నిజంగానే వెన్న. ఆయన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ, "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని చిన్నపిల్లాడిలా అడుగుతుంటే నాకు దుఃఖం వచ్చింది.

నేను వెళ్ళి లైను కలిపాను. అంత కచ్చితంగా కూర్చున్న బల్లని చూసినవాడెవడైనా కలిపేవాడు. ఆ మిట్టమధ్యాహ్నం మా ముగ్గురి భయమూ ఆ బల్ల ఎగుడుదిగుళ్ళ మీదే ఉంది. అవి పోయాయి కాబట్టి భయమూ పోవాలని మాకు మేమే చెప్పుకున్నాం.

మొదటి కోతకి కిటికీ చట్రం చెక్క. తెల్లటి చెక్క, పొడవాటిది. అవతలి చివర నేను పట్టుకున్నాను. చెక్క బల్లమీద ఎక్కడా ఊగకుండా పడుకుంది. బావ ఎడమ చెయ్యి చెక్కమీద వేసి వెనకున్న దన్నుకి నొక్కిపట్టి, కుడిచేత్తో రంపం దించాడు. చక్రం అరిచింది, పొట్టు ఎగిరింది, ముక్క తెగి పక్కకి ఒరిగింది. మూలమట్టం పెట్టి చూశాడు. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఆయన ఆ మాట పైకి అనలేదు, నన్ను చూసి కనుబొమలెగరేశాడు. గుమ్మంలో నిలబడ్డ అక్క మొదటిసారి గోడకి ఆనుకుంది.

రెండోది కోశాడు. మూడోది. కొలత గీత మీదే చూపు. చెక్క జరుపుతున్నాడు, నొక్కుతున్నాడు, దించుతున్నాడు. చప్పుడు చెవులు చిల్లులుపడేలా ఉంది. నేను నా చివర చెక్క అదరకుండా పట్టుకోవడంలో ఉన్నాను. ఇంకో ముక్క తెగింది. చక్రం పైకి లేచింది. తెల్లటి చెక్కమీద ఎర్రటి చుక్క ఒకటి పడింది. దాని పక్కనే ఇంకొకటి. తర్వాత చుక్కలు కలిసిపోయి చెక్క అంచు పట్టుకుని నావైపు పాకడం మొదలుపెట్టాయి.

బావే ముందు చూశాడు. టక్కున మిషన్ ఆపాడు. ముఖం పాలిపోయింది.

"ఆగు, ఆగరా బామ్మర్దీ! కదలకు!" అని అరుస్తూ బల్ల చుట్టూ తిరిగి పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎక్కడ తెగిందిరా? ఏదీ, చూపించు. భయపడకు, నేనున్నాను."

నా అరచేతులు వెల్లకిలా తిప్పాడు. ఆయన పట్టుకున్న చోటల్లా ఎర్రబడిపోతోంది. ఆయన ఎడమ బొటనవేలు సగందాకానే ఉండటం నేను చూశాను. గుమ్మంలో అక్క కూడా చూసింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏంటే అలా చూస్తావు? దూది తీసుకురా, గుడ్డ తీసుకురా! వీడొక పిరికి వెధవ, నోరు విప్పడం లేదు" అని ఆమె మీద కేకేశాడు. నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, తన చొక్కా అంచుతో రక్తం తుడుస్తున్నాడు. తుడిచిన చోట కింద చర్మం బాగానే ఉంది. మళ్ళీ తడుస్తోంది. మళ్ళీ తుడుస్తున్నాడు.

నా చేతుల్లో ఎక్కడా గాయం దొరక్క, ఇంకా గట్టిగా పట్టుకుని వెతుకుతూనే ఉన్నాడు.